కంగారు పెట్టేవాళ్లు, సిగ్గుపడేలా చేసేవాళ్లు: ఫోను, డబ్బు, గోప్యత మీద పాఠకుల ప్రశ్నలు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావాటి చివర ఒకే మాట ఉంది: "దయచేసి పేరు వేయకండి." ఎవరి పేరూ వేయడం లేదు, ఊళ్లు మాత్రమే ఉంచాను. డబ్బు పోయిందన్న బాధ కన్నా నలుగురికీ తెలుస్తుందేమోనన్న భయమే ఈ ఉత్తరాల్లో ఎక్కువ కనిపించింది. అందుకే మొదటి ఉత్తరానికి కాస్త ఎక్కువ చోటు ఇచ్చాను.

ప్రశ్న: మా మామగారు రిటైర్డ్ హెడ్మాస్టరు, వయసు 74. ముంబై పోలీసులమంటూ ఆయనకు వీడియో కాల్ వచ్చింది. ఆయన ఆధార్ మీద తీసిన సిమ్‌తో నేరం జరిగిందనీ, "డిజిటల్ అరెస్టు" చేశామనీ చెప్పి రెండు రోజులు గదిలోంచి కదలనివ్వలేదు. ఫిక్స్‌డ్ డిపాజిట్ రద్దు చేయించి 11 లక్షలు ఏదో ఖాతాకు పంపించుకున్నారు. మా వారు ఆయన్ని నానా మాటలూ అన్నారు. అప్పట్నుంచి సరిగా అన్నం తినడం లేదు. ఫిర్యాదు చేద్దామంటే, ఊళ్లో తన దగ్గర చదువుకున్నవాళ్లే పోలీసు స్టేషన్లో ఉన్నారు, వాళ్ల ముందు పరువు పోతుందంటున్నారు. అయిదు రోజులైంది. ఇప్పుడు చేసి లాభముందా?
— ఒక కోడలు, తణుకు

జవాబు: అమ్మా, మీ ఉత్తరం చదివిన సాయంత్రమే ఫోన్ చేసి చెప్పిన సంగతులే ఇక్కడ మళ్లీ రాస్తున్నాను. మీలాంటి ఇళ్లు ఇంకా ఉంటాయి కనుక.

లాభముంది. అయిదు రోజులైనా, పది రోజులైనా ఫిర్యాదు చేయాల్సిందే. సైబర్ నేరాల సహాయ నంబరు 1930కి ఫోన్ చేయండి, లేదా సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్ అనే కేంద్ర ప్రభుత్వ పోర్టల్‌లో నమోదు చేయండి. ఫోన్ చేసే ముందు డబ్బు పంపిన తేదీ, సమయం, ఎంత మొత్తం, ఎవరి ఖాతాకు, బ్యాంకు స్టేట్‌మెంట్‌లో ఆ లావాదేవీ పక్కన ఉండే యూటీఆర్ నంబరు ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. ఆ నంబరు పట్టుకునే డబ్బు ఏ బ్యాంకు నుంచి ఏ బ్యాంకుకు పోయిందో వెతుకుతారు. దొంగలు మొదటి ఖాతా నుంచి నిమిషాల్లో పది ఖాతాలకు పంచేస్తారు. అవన్నీ కమీషన్ ఆశ చూపి కుర్రాళ్ల దగ్గర అద్దెకు తీసుకున్న కిరాయి ఖాతాలు. మొదటి గంటలో ఫిర్యాదు అందితే ఎక్కువ మొత్తం ఆగుతుంది, నిజమే. కానీ ఆలస్యమైనా ఏదో ఒక ఖాతాలో కొంత మిగిలి ఉండవచ్చు. ఆగిన డబ్బు వెనక్కి రావాలంటే కేసు, కోర్టు ఉత్తర్వు కావాలి. తెలంగాణలో ఇలాంటివి లోక్ అదాలత్‌ల ద్వారా తిరిగి ఇప్పిస్తున్నారు. మీ కేసు నమోదయ్యాక మీ జిల్లా న్యాయసేవాధికార సంస్థలో కూడా అడగండి.

బ్యాంకు దీనికి పరిహారం ఇస్తుందని మీకు ఆశ పెట్టలేను. మామగారు స్వయంగా సంతకం పెట్టి పంపించారు కనుక, ఖాతాదారుకు తెలియకుండా పోయిన డబ్బుకు ఉన్న రక్షణ ఇక్కడ సులువుగా వర్తించదు. అయినా బ్యాంకుకు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకోండి. 74 ఏళ్ల మనిషి అంత డిపాజిట్‌ను ఒక్కసారిగా రద్దు చేసి కొత్త ఖాతాకు పంపుతుంటే ఎవరైనా ఆగి అడిగారా అన్నది అడగవలసిన ప్రశ్నే. నేను బ్యాంకు కౌంటర్లో కూర్చున్న రోజుల్లో గడువుకు ముందే డిపాజిట్ తీసేవాళ్లను కారణం అడిగేవాళ్లం, మాటల్లో తడబాటు తెలిసిపోయేది. ఇప్పుడు ఆ కారణం కూడా దొంగే నేర్పి పంపుతున్నాడు. "మనవరాలి పెళ్లికి అని చెప్పు, చెవిలో ఇయర్‌ఫోన్ ఉంచు, లైన్ కట్ చేయకు" అంటాడు. కౌంటర్లో ఉన్న అమ్మాయి అడిగినా పెద్దాయన నిజం చెప్పే స్థితిలో ఉండడు.

మామగారికి ఈ పేరా చదివి వినిపించండి. మాస్టారూ, డిజిటల్ అరెస్టు అనేది మన దేశంలో ఏ చట్టంలోనూ లేదు. ప్రధానమంత్రి కూడా 2024 అక్టోబర్ 27న రేడియోలో ఈ మాటే చెప్పారు. పోలీసు నోటీసును వాట్సాప్‌లో పంపితే అది చెల్లదని సుప్రీంకోర్టు 2025 జనవరిలో స్పష్టం చేసింది. 2025లోనే హర్యానాలోని అంబాలాకు చెందిన వృద్ధ దంపతులు కోటి రూపాయలకు పైగా ఇలాగే పోగొట్టుకున్నారు. వాళ్లకు చూపించినవి సుప్రీంకోర్టు పేరిట తయారు చేసిన దొంగ ఉత్తర్వులు. ఆ దంపతులు దాచుకోలేదు, నేరుగా సుప్రీంకోర్టుకే ఫిర్యాదు రాశారు. కోర్టు దాన్ని తనంతట తానే కేసుగా తీసుకుని, డిసెంబర్ 1న దేశవ్యాప్త దర్యాప్తును సీబీఐకి అప్పగించింది. ఒక ముసలి జంట సిగ్గును పక్కన పెట్టి రాసిన కాగితం వల్ల జరిగిన పని ఇది. చట్టం పేరు చెబితే భయపడేది చట్టాన్ని గౌరవించే మనుషులే. జీవితమంతా పిల్లలకు క్రమశిక్షణ నేర్పిన మీరు పోలీసు గొంతు వినగానే లేచి నిలబడ్డారు. మీ శిష్యులే స్టేషన్లో ఉంటే ఇంకా మంచిది, వెళ్లండి.

ఇక మీ వారికి. బాబూ, మీ నాన్నగారు ఆ రెండు రోజులు ఇంట్లో ఎవరికీ చెప్పకపోవడానికి దొంగ వేసిన మొదటి ఎత్తు అదే: "ఇంట్లోవాళ్లకు చెప్పావో, వాళ్లనూ కేసులో ఇరికిస్తాం." ఆయన మిమ్మల్ని కాపాడుతున్నాననుకుని ఆ గదిలో కూర్చున్నారు. మీరు ఎన్ని మాటలు అంటే, మళ్లీ ఇలాంటి కాల్ వచ్చినప్పుడు అంత గట్టిగా నోరు మూసుకుంటారు. ఆయన్ని వెంటబెట్టుకుని ఫిర్యాదు చేయించండి. ఆ మాటలకు క్షమాపణ కూడా చెప్పండి.

ప్రశ్న: బట్టల షాపులో బిల్లు కోసం ఫోన్ నంబరు అడుగుతున్నారు. ఇవ్వనంటే "సిస్టమ్ తీసుకోదు మేడమ్" అంటున్నారు. వెనకాల లైన్లో ఉన్నవాళ్లు విసుక్కుంటారని చెప్పేస్తున్నాను. ఇవ్వాల్సిందేనా?
— కాకినాడ

జవాబు: అక్కర్లేదు. నంబరు ఇస్తేనే బిల్లు ఇస్తామని పట్టుబట్టకూడదని కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2023 మే నెలలోనే దుకాణదారులకు సూచన పంపింది. "నంబరు లేకుండా బిల్లు ఇవ్వండి" అని ఒక్కసారి మెల్లగా చెప్పి నిలబడండి. తొంభై పాళ్లు ఇస్తారు. వెనకాల విసుక్కునేవాళ్లు కూడా రేపు ఆ షాపు నుంచి వచ్చే మెసేజ్‌లు చూసి విసుక్కునేవాళ్లే. ఇంటికి పంపే సరుకైతే నంబరు అవసరం, ఇవ్వండి. చేతిలో పెట్టి ఇచ్చే చీరకు అవసరం లేదు.

ప్రశ్న: అమ్మా, నేను చదువుకున్నవాణ్ణి కాను, మా అబ్బాయి చేత రాయిస్తున్నాను. నాకు ఏ ఓటీపీ రాలేదు, ఎవరికీ ఏ నంబరూ చెప్పలేదు. శనగలు అమ్మిన డబ్బు ఖాతాలో ఉంటే రెండు దఫాలుగా పదివేలు, పదివేలు పోయాయి. పాస్‌బుక్‌లో ఏఈపీఎస్ అని పడింది. బ్యాంకులో అడిగితే "నీ వేలిముద్రతోనే తీశారు, మేమేం చేయలేం" అన్నారు. నా వేలు నా దగ్గరే ఉంది కదమ్మా?
— ఒక రైతు, గిద్దలూరు

జవాబు: అన్నా, మీ వేలు మీ దగ్గరే ఉంది. దాని అచ్చు మాత్రం మీకు తెలియకుండా వేరేచోట ఉంది. దీంట్లో మీ తప్పు రవ్వంత కూడా లేదు. అన్నిటికన్నా ముందు ఈ మాట వినండి.

ఏఈపీఎస్ అంటే ఆధార్‌తో డబ్బు తీసే పద్ధతి. ఊళ్లో బ్యాంకు మిత్ర దగ్గర చిన్న మెషీన్ ఉంటుంది చూడండి, దాంట్లో ఆధార్ నంబరు, బ్యాంకు పేరు చెప్పి వేలు పెడితే డబ్బు వస్తుంది. కార్డు అక్కర్లేదు, పిన్ అక్కర్లేదు, ఓటీపీ రాదు. బ్యాంకు లేని పల్లెలకు ఇది నిజంగా మేలు చేసింది, ముసలివాళ్లు పింఛను కోసం ఆటో ఎక్కే బాధ తప్పింది. కానీ దొంగకు కావలసినవి కూడా ఆ రెండే: మీ ఆధార్ నంబరు, మీ వేలిముద్ర. ఆ రెండూ ఒకే కాగితం మీద ఉండే చోటు ఒకటుంది. అది పొలం రిజిస్ట్రేషన్ దస్తావేజు.

2018లో తెలంగాణలో పెద్దపల్లి జిల్లాకు చెందిన ఒక సిమ్ కార్డుల వ్యాపారిని పోలీసులు పట్టుకున్నారు. రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైటులో ఎవరైనా చూడగలిగేలా ఉంచిన దస్తావేజులు దించుకుని, వాటి మీది వేలిముద్రలతో రబ్బరు అచ్చులు చేయించి, ఆ అచ్చులతో వేల సిమ్‌లు పుట్టించాడు. అతనికి కావలసింది సిమ్‌ల టార్గెట్. తర్వాత వచ్చినవాళ్లు అదే పద్ధతితో బ్యాంకు ఖాతాల మీద పడ్డారు. అది చూశాకే, దస్తావేజుల్లోని వేలిముద్రలు బయటికి కనపడకుండా కప్పేయమని కేంద్రం రాష్ట్రాలకు చెప్పాల్సి వచ్చింది. ప్రజల వేలిముద్రలను వెబ్‌సైటులో పెట్టేటప్పుడు ఒక్క అధికారికి కూడా ఇది తట్టకపోవడం నాకు ఇప్పటికీ కోపం తెప్పిస్తుంది. పాస్‌వర్డ్ దొంగిలిస్తే మార్చుకుంటాం. వేలు మార్చుకోలేం కదా.

ఇప్పుడు బ్యాంకువాళ్లు అన్న మాట గురించి. "మేమేం చేయలేం" అనడానికి వాళ్లకు వీల్లేదు. రిజర్వు బ్యాంకు 2017 జులై 6న ఇచ్చిన సర్క్యులర్ ఉంది. ఖాతాదారు తప్పు లేకుండా, బ్యాంకు తప్పు కూడా లేకుండా మూడోవాడి మోసం వల్ల డబ్బు పోతే, బ్యాంకు నుంచి సమాచారం అందిన మూడు పనిదినాల్లోగా ఫిర్యాదు చేసిన ఖాతాదారు మీద నయాపైసా భారం పడకూడదు. నాలుగు నుంచి ఏడు పనిదినాల మధ్య అయితే భారానికి ఒక పరిమితి ఉంది. ఫిర్యాదు అందిన పది పనిదినాల్లో ఆ మొత్తాన్ని తాత్కాలికంగా మీ ఖాతాలో వేయాలి, 90 రోజుల్లో తేల్చాలి. మరో ముఖ్యమైన మాట కూడా ఆ సర్క్యులర్‌లోనే ఉంది: తప్పు ఖాతాదారుదని రుజువు చేయాల్సిన బాధ్యత బ్యాంకుదే. మీ వేలు ఆ రోజు ఆ మెషీన్ మీద లేదని మీరు రుజువు చేయనక్కర్లేదు.

అందుకని మీ అబ్బాయి చేత తెల్ల కాగితం మీద రాయించండి. ఖాతా నంబరు, పోయిన తేదీలు, మొత్తాలు, ఆ సమయానికి మీరు ఎక్కడున్నారో, ఆ రోజు ఏ మిత్ర దగ్గరికీ వెళ్లలేదని. ఆ డబ్బు తీసిన మెషీన్ ఏ ఊళ్లో ఉందో చెప్పమని అడగండి, బ్యాంకు దగ్గర ఆ వివరం ఉంటుంది. రెండు ప్రతులు తీసుకెళ్లి ఒకదాని మీద ముద్ర, తేదీ, సంతకం వేయించుకోండి. నోటితో చెప్పిన ఫిర్యాదుకు ఆధారం ఉండదు, ముద్ర ఉన్న కాగితానికి ఉంటుంది. ఆ రోజే 1930కి కూడా చేయండి. నెలలోగా బ్యాంకు సరైన జవాబు ఇవ్వకపోతే బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లవచ్చు. వివరాలకు 14448. లాయరు అక్కర్లేదు, రుసుము లేదు.

ఆధార్ వెబ్‌సైటులో కానీ ఎంఆధార్ యాప్‌లో కానీ మీ వేలిముద్రకు తాళం వేసే వీలుంది. తాళం వేస్తే దొంగ అచ్చు పనిచేయదు. రేషన్‌కో పింఛనుకో వేలు పెట్టాల్సినప్పుడు కొద్ది నిమిషాలు తాళం తీయాలి. దానికి ఆధార్‌కు ఫోన్ నంబరు కలిపి ఉండాలి, మీది కలిపి లేదేమో చూడండి. లేకపోతే ముందు అది చేయించండి. బ్యాంకు ఖాతాకు కూడా కలిపించండి, మెసేజ్ వస్తే కదా మనకు ఆ రోజే తెలిసేది.

ఎక్కడైనా ఆధార్ జిరాక్స్ అడిగితే చివరి నాలుగు అంకెలు మాత్రమే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వండి. 2022 మే 27న ఆధార్ సంస్థ బెంగళూరు కార్యాలయం సరిగ్గా ఈ సలహానే ఇచ్చింది. రెండు రోజులకే, జనం తప్పుగా అర్థం చేసుకుంటారని ప్రభుత్వం దాన్ని వెనక్కి తీసుకుంది. నా లెక్కలో అది మంచి సలహా, వెనక్కి తీసుకోవడమే పొరపాటు.

ప్రశ్న: నేను డిగ్రీ రెండో సంవత్సరం. ఫీజు కోసం ఒక యాప్‌లో 6 వేలు అప్పు పెడితే చేతికి 3,700 వచ్చాయి. వారంలోగా 6 వేలు కట్టమన్నారు. కట్టాను. ఇంకా ఉందంటున్నారు. నా ఫొటోను అసభ్యంగా మార్చి మా అమ్మకు, మా లెక్చరర్‌కు పంపారు. ఇంకా అందరికీ పంపుతామంటున్నారు. నాకు బతకాలనిపించడం లేదు.
— హనుమకొండ

జవాబు: నాయనా, నీ ఉత్తరంలోని చివరి వాక్యానికి ముందు జవాబు చెబుతాను. ఈ రాత్రి ఒంటరిగా పడుకోవద్దు. అమ్మ పక్కనో, రూమ్మేట్ పక్కనో ఉండు. 14416కు ఫోన్ చెయ్యి, అది టెలిమానస్ అనే ప్రభుత్వ సహాయ కేంద్రం, పగలూ రాత్రీ తెలుగులో మాట్లాడతారు, డబ్బు తీసుకోరు. 2020 చివర్లో తెలంగాణలో ఈ యాప్‌ల వేధింపు వల్ల ప్రాణాలు తీసుకున్నవాళ్లున్నారు. ఆ తర్వాతే పోలీసులు హైదరాబాద్‌లో, గురుగ్రామ్‌లో కాల్ సెంటర్ల మీద దాడులు చేసి మనుషుల్ని అరెస్టు చేశారు. అంటే నిన్ను బెదిరిస్తున్న గొంతు జీతానికి చదివే స్క్రిప్టు. ఆ కాగితం మీద రాసి ఉన్న పేర్లలో నీది ఒకటి, అంతే. వాళ్లు నీ గురించి నిజంగా ఏమీ ఎరగరు.

ఇక ఒక్క రూపాయి కట్టకు. కడితే నీ దగ్గర ఇంకా ఉందని వాళ్లకు తెలుస్తుంది. మెసేజ్‌లు, నంబర్లు, డబ్బు కట్టిన రసీదులు, ఆ ఫొటో అన్నీ స్క్రీన్‌షాట్ తీసి స్నేహితుడికి పంపి దాచి, ఆ తర్వాతే యాప్ తీసెయ్. 1930కి, మీ సైబర్ క్రైమ్ స్టేషన్‌కు ఫిర్యాదు చెయ్యి. రిజర్వు బ్యాంకు వాళ్ల సచేత్ పోర్టల్‌లో కూడా యాప్ పేరు పెట్టు. ఆ తర్వాత నీ కాంటాక్టులందరికీ నువ్వే ఒక మెసేజ్ పంపు: "ఒక లోన్ యాప్ నా ఫొటోను మార్చి పంపుతోంది. పోలీసులకు చెప్పాను. వస్తే తెరవకుండా తీసేయండి." ఇది రాయడానికి చేతులు వణుకుతాయి, తెలుసు. పంపాక వాళ్ల చేతిలో ఇంకేమీ మిగలదు. మీ అమ్మ, లెక్చరర్ నిన్ను నమ్మారా లేదా అన్నది నీ ఉత్తరంలో లేదు. నేనైతే నమ్ముతారనే అనుకుంటున్నాను.

మిగతా పాఠకులకు రెండు మాటలు. 2022 సెప్టెంబర్‌లో రిజర్వు బ్యాంకు ఇచ్చిన డిజిటల్ అప్పుల నిబంధనల ప్రకారం ఏ లోన్ యాప్ కూడా మీ ఫోన్‌లోని కాంటాక్టులు, ఫైళ్లు, ఫొటోలు, కాల్ వివరాలు చూడకూడదు. కెమెరా, లొకేషన్ లాంటివి గుర్తింపు పరిశీలన కోసం ఒక్కసారి, మీ అనుమతితో మాత్రమే. కాబట్టి కాంటాక్టులు అడిగిన మరుక్షణమే అది దొంగ యాప్ అని తెలుసుకోవచ్చు. నియమాలు పాటించే సంస్థల యాప్‌ల జాబితా 2025 జులై నుంచి రిజర్వు బ్యాంకు వెబ్‌సైటులోనే ఉంది.

నన్ను ఎక్కువ బాధపెట్టే సంగతి వేరే ఉంది. ఈ అబ్బాయి "అలౌ" నొక్కినప్పుడు అతని అనుమతి ఒక్కటే తీసుకున్నారు. అతని ఫోన్‌లో ఉన్న అమ్మ నంబరు అమ్మది. లెక్చరర్ నంబరు లెక్చరర్‌ది. వాళ్లను ఎవరూ అడగలేదు. మన ఫోన్‌లో మన గుట్టు ఒక్కటే ఉండదు. మనల్ని నమ్మి నంబరు ఇచ్చిన వందల మందిది ఉంటుంది. లోన్ యాప్‌లే కాదు, పేరున్న పెద్ద కంపెనీల యాప్‌లు కూడా "మీ స్నేహితుల్ని వెతుకుదాం" అంటూ ఇదే అడుగుతాయి. నేను నొక్కను.

ప్రశ్న: ఇన్‌కాగ్నిటో పెట్టి చూస్తే ఎవరికీ తెలియదంటారు, నిజమేనా?
— ఇంటర్ విద్యార్థి, నంద్యాల

జవాబు: ఇన్‌కాగ్నిటో అంటే, చూసినవాటి జాబితా ఫోన్‌లో మిగలకుండా బ్రౌజర్ తెరిచే పద్ధతి. కనుక నీ ఫోన్ తీసుకున్న అన్నయ్యకు తెలియదు. అంతవరకే. నువ్వు తెరిచిన వెబ్‌సైటుకు, నెట్ ఇచ్చే కంపెనీకి, కాలేజీ వైఫై అయితే దాన్ని నడిపేవాళ్లకు తెలుస్తుంది. ఇన్‌కాగ్నిటోలో ఉన్నప్పుడూ గూగుల్ వివరాలు సేకరించిందని అమెరికాలో 2020లో కేసు వేశారు. 2024లో రాజీ కుదిరి, వందల కోట్ల రికార్డులు చెరిపేయడానికి గూగుల్ ఒప్పుకుంది. చెరపడానికి అన్ని ఉన్నాయంటే ఎంత దాచారో చూడు.

ప్రశ్న: నేను ఒక కంపెనీలో యాప్ డిజైనర్‌ని. సబ్‌స్క్రిప్షన్ రద్దు చేసే దారిని అయిదారు తెరల వెనక దాచమన్నారు. రద్దు బటన్ మీద "వద్దు, నా కుటుంబ ఆరోగ్యం నాకు ముఖ్యం కాదు" అని రాయమన్నారు. పైన గడియారం తిరుగుతుండాలట. ఇల్లు కొన్నాను, ఈఎంఐ ఉంది. ఎదురు చెప్పలేను, చేయబుద్ధీ కావడం లేదు.
— హైదరాబాద్

జవాబు: మీ ఉత్తరం చదివాక తణుకు మాస్టారి ఉత్తరం మళ్లీ తీసి చూశాను. ఆయన్ని గదిలో కూర్చోబెట్టిన దొంగ వాడిన పనిముట్లు రెండే: కంగారు, సిగ్గు. "అరగంటలో కట్టకపోతే అరెస్టు", "ఎవరికైనా చెప్పావో పరువు పోతుంది." మీ చేత గీయించాలనుకుంటున్న తెర మీద ఉన్నవీ అవే: తిరిగే గడియారం, తలదించుకునేలా చేసే వాక్యం. మీ కంపెనీ దొంగ కంపెనీ అనడం లేదు. కానీ రోజుకు పదిసార్లు గడియారం చూసి కంగారుగా నొక్కడం అలవాటైన వేలు, దొంగ ఫోన్ వచ్చిన రోజు ఆగి ఆలోచించదు. మీరు చేసే పని అక్కడిదాకా వెళుతుంది.

ఇది మనసుకు సంబంధించిన గొడవ మాత్రమే కాదు, మన దగ్గర చట్టం కూడా ఉంది. వినియోగదారుల రక్షణ చట్టం కింద 2023 నవంబర్ 30న కేంద్రం డార్క్ ప్యాటర్న్‌ల మీద, అంటే వాడేవాళ్లను మాయచేసి ఒప్పించే డిజైన్ ఎత్తుల మీద, మార్గదర్శకాలు ఇచ్చింది. అందులో 13 రకాలు పేరు పెట్టి చెప్పారు. మీ గడియారం, నిజంగా గడువు లేకపోతే, తప్పుడు తొందర కిందికి వస్తుంది. "కుటుంబ ఆరోగ్యం ముఖ్యం కాదు" అన్నది సిగ్గుపడేలా చేసి ఒప్పించడం. రద్దు దారిని దాచడం సబ్‌స్క్రిప్షన్ ఉచ్చు. ఒక్క తెరలో మూడు. 2025 జూన్‌లో ఆన్‌లైన్ అమ్మకాల సంస్థలన్నీ మూడు నెలల్లో తమ యాప్‌లను తామే తనిఖీ చేసుకోవాలని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ చెప్పింది కూడా.

అమెరికాలో అమెజాన్ ప్రైమ్ కేసు మీకు తెలిసే ఉంటుంది. జనాన్ని తెలియకుండా చేర్చుకుని, బయటికి వెళ్లే దారిని చిక్కుగా పెట్టారని అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2023లో కేసు వేసింది. ఆ రద్దు పద్ధతికి కంపెనీ లోపల "ఇలియడ్" అని పేరు పెట్టుకున్నారు, ఎప్పటికీ తెగని యుద్ధం కథ. కమిషన్ ఆ పేరును ఫిర్యాదులోనే రాసింది. ఉన్నతాధికారులను కూడా పేర్లతో ప్రతివాదులుగా చేర్చింది. 2025 సెప్టెంబర్‌లో 250 కోట్ల డాలర్లకు రాజీ కుదిరింది, అందులో 150 కోట్లు వాడకందారులకు తిరిగివ్వడానికి.

ఉద్యోగం వదిలేయమని నేను చెప్పను. ఈఎంఐ కట్టేది నేను కాదు. మీరు చేయగలిగింది ఒకటుంది: నోటితో వాదించకుండా ఈమెయిల్ రాయండి. "ఈ డిజైన్ 2023 మార్గదర్శకాల్లోని ఈ మూడింటి కిందికి వస్తుందని నాకు అనుమానం. మన లీగల్ టీమ్ అభిప్రాయం తీసుకున్నాక మొదలుపెడతాను." మర్యాదగా, రెండు వాక్యాలు. దాన్ని చూసి "అయినా చెయ్యి" అని రాతపూర్వకంగా జవాబివ్వడానికి చాలామంది మేనేజర్లు వెనకాడతారు. దాంతో పాటు రద్దు బటన్ తేలిగ్గా దొరికే డిజైన్ కూడా ఒకటి తయారు చేసి జతచేయండి. ఎదుటివాడికి ఒప్పుకోవడానికి ఒక దారి కావాలి. ఇన్ని చేసినా కుదరకపోతే, కొత్త ఉద్యోగం దొరికేదాకా ఆ పని మీ పేరు మీద కాకుండా చూసుకోండి, ఈమెయిల్ మాత్రం దాచుకోండి.

ప్రశ్న: నా మనవరాలికి ఆరేళ్లు, అమెరికాలో ఉంటుంది. పుట్టినరోజు ఫొటోలు, స్కూలు ఫొటోలు నా వాట్సాప్ స్టేటస్‌లో, ఫేస్‌బుక్‌లో పెడుతున్నాను. కోడలు పెట్టొద్దంది. నా మనవరాలి ఫొటో పెట్టుకునే హక్కు నాకు లేదా? ఇది మరీ అతి కాదా?
— ఒక తాతగారు, ఖమ్మం

జవాబు: అన్నయ్యగారూ, మీ ప్రేమను అనుమానించే మనిషి ఎవరూ లేరు. అయినా ఈ విషయంలో నేను మీ కోడలి వైపే.

స్కూలు ఫొటోలో పాప యూనిఫాం మీద బడి పేరు ఉంటుంది. పుట్టినరోజు కేకు మీద పేరు, వయసు ఉంటాయి. కింద మీరు "మా బంగారు తల్లి" అని రాసి ఊరి పేరు పెడతారు. తెలియనివాడికి పాప పేరు, పుట్టిన తేదీ, బడి, తాతగారి పేరు ఒక్కచోట దొరికాయి. అక్కడి చట్టం 13 ఏళ్లలోపు పిల్లల వివరాలు తల్లిదండ్రుల అనుమతి లేకుండా వెబ్‌సైట్లు సేకరించకూడదంటుంది. మన 2023 డేటా రక్షణ చట్టమైతే ఆ వయసును 18 ఏళ్లుగా పెట్టింది. అలాంటి చట్టాలున్న చోట బిడ్డను పెంచుతున్న తల్లికి ఈ జాగ్రత్త అతి అనిపించదు.

హక్కు అన్నారు కనుక ఒక పెద్దాయన సంగతి చెబుతాను. గోప్యత మన ప్రాథమిక హక్కు అని సుప్రీంకోర్టులో తొమ్మిదిమంది న్యాయమూర్తులు ఏకగ్రీవంగా తీర్పిచ్చింది 2017 ఆగస్టు 24న. ఆ కేసు వేసింది కర్ణాటక హైకోర్టు మాజీ న్యాయమూర్తి పుట్టస్వామి గారు. 2012లో కేసు వేసేనాటికి ఆయనకు 80 ఏళ్లు దాటాయి. ఆ వయసులో ఆయన కోర్టుకెక్కింది తన తర్వాతివాళ్ల కోసం. ఆ హక్కు మీ మనవరాలిది కూడా. ఆరేళ్ల పిల్ల ఇప్పుడు చెప్పలేదు కనుక తల్లి చెబుతోంది.

ఫొటోలు మానేయనక్కర్లేదు. వాట్సాప్‌లో స్టేటస్ ప్రైవసీ అని ఉంటుంది, అందులో "ఓన్లీ షేర్ విత్" ఎంచుకుని మీ అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, వియ్యంకులు ఇంతవరకే పెట్టండి. ఏ ఫొటో పెట్టవచ్చో కోడల్నే అడగండి, ఆమె పంపినవే పెట్టండి. ఫేస్‌బుక్‌లో ఇదివరకు పెట్టినవాటిలో బడి పేరు, పుట్టినరోజు కనిపించేవి తీసేయండి. మీకు చేతకాకపోతే ఈసారి వీడియో కాల్‌లో కోడలి చేతే దగ్గరుండి చేయించుకోండి.